ప్రిన్స్ టూ ఎవరు నేర్చుకోవాలి?



1992 అక్టోబరు 26, సోమవారం. లండన్ అంబులెన్స్ సర్వీసు కంట్రోల్ రూములో ఆ రోజు నుంచి కాగితాలు తీసేశారు. అంతవరకు అక్కడ పని ఇలా నడిచేది. ఎవరైనా 999కి ఫోన్ చేస్తే, ఫోన్ ఎత్తిన ఉద్యోగి వివరాలన్నీ ఒక అచ్చు ఫారం మీద రాసుకునేవాడు. పటాల పుస్తకంలో ఆ వీధి ఎక్కడుందో వెతికి, ఫారాన్ని కన్వేయర్ బెల్టు మీద వేసేవాడు. బెల్టు చివర ఉన్న మనిషి ఫారాలన్నీ చూసి, ఒకే ప్రమాదం గురించి ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తే కనిపెట్టి, ఆ ప్రాంతం చూసే వాళ్లకు అందించేవాడు. వాళ్లు ఖాళీగా ఉన్న బండిని ఎంచి, ఫోన్లోనో రేడియోలోనో కబురు పంపేవారు. నెమ్మదిగా సాగే పనే. కానీ పొరపాటు జరిగితే పట్టుకోవడానికి ప్రతి మెట్టు దగ్గరా ఒక మనిషి ఉండేవాడు.

ఆ సోమవారం నుంచి ఈ పనంతా కంప్యూటరుకు అప్పగించారు. బండి ఎక్కడుందో అదే తెలుసుకుంటుంది, దగ్గరి బండిని అదే ఎంచుతుంది, డ్రైవరు పక్కనున్న తెర మీదకు కబురు అదే పంపుతుంది. ఆ సంస్థ పరిధి చిన్నది కాదు. 600 చదరపు మైళ్ల పైచిలుకు నేల, 68 లక్షల జనాభా, రోజుకు 2000 నుంచి 2500 దాకా ఫోన్లు. నగరమంతటినీ ఒక్క దఫాలో కొత్త పద్ధతిలోకి మార్చారు. అప్పటికి ఆ సాఫ్ట్‌వేర్‌లో తెలిసి ఉన్న లోపాలే 81.

ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు. బళ్లు ఎక్కడున్నాయో, ఏ పనిలో ఉన్నాయో కంప్యూటరుకు సరిగా తెలియలేదు. ఒక చోటికి రెండు బళ్లు వెళ్లాయి, ఇంకో చోటికి ఒక్కటీ వెళ్లలేదు. బండి రాలేదని జనం మళ్లీ మళ్లీ ఫోన్లు చేశారు. ఆ ఫోన్లతో బరువు ఇంకా పెరిగింది. ఇక్కడ పొరపాటు ఉంది చూడండి అని కంప్యూటరు పంపే హెచ్చరికలు తెర మీద గుట్టలుగా పడ్డాయి. కొత్తవి వచ్చిన కొద్దీ పాతవి పైకి జరిగి కంటికి కనపడకుండా పోయాయి. మర్నాడు మధ్యాహ్నానికి సగం కంప్యూటరుతో, సగం చేత్తో నడిపే ఏర్పాటుకు వచ్చారు. 28వ తేదీన సంస్థ అధినేత రాజీనామా చేశారు. నవంబరు 4న తెల్లవారుజామున రెండు దాటాక వ్యవస్థ మొత్తం బిగుసుకుపోయింది. మూడు వారాల కిందట ఒక ప్రోగ్రామరు వదిలేసిన చిన్న కోడు ముక్క, బండిని పంపమని ఆదేశం ఇచ్చిన ప్రతిసారీ కొంచెం మెమరీని వాడుకుని తిరిగి వదలకపోవడం అందుకు కారణం. ఆ రాత్రి ఉద్యోగులు మళ్లీ కాగితం, పెన్నూ పట్టారు.

ప్రాజెక్టు మేనేజ్‌మెంటు గురించి మాట్లాడతానని చెప్పి ఈ కథ ఎందుకు ఎత్తుకున్నానంటే, ఈ ఘటన మీద వేసిన విచారణ సంఘం 1993 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో ప్రిన్స్ అనే పేరు కనిపిస్తుంది. ఆ ప్రాజెక్టును ప్రిన్స్ పద్ధతిలో నడపాలని పెద్దలు ముందే నిర్ణయించుకున్నారు. అప్పటికి అది బ్రిటిష్ ప్రభుత్వం తయారుచేసుకున్న సరికొత్త పద్ధతి. అయితే దాన్ని వాడిన అనుభవం అంబులెన్స్ సంస్థలో ఎవరికీ లేదు, సాఫ్ట్‌వేర్ రాసిన సరఫరాదారుకూ లేదు. పద్ధతి చెప్పిన కమిటీలను పైపైన ఏర్పాటు చేశారు గానీ, పద్ధతిని మాత్రం పాటించలేదని సంఘం తేల్చింది.

ఈ రోజు ఆ ప్రిన్స్‌కు వారసుడైన ప్రిన్స్ టూ గురించి, దాన్ని నేర్చుకోవడం గురించి, దాని పరీక్షల గురించి చెబుతాను. హైదరాబాదులో బ్రిటిష్ కంపెనీల పని చేసే మన పిల్లలకు, లండన్‌లో, మాంచెస్టర్‌లో, సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో ఉద్యోగాలు వెతుక్కునే తెలుగువాళ్లకు ఈ పేరు కొత్తది కాదు. అక్కడి ప్రకటనల్లో ప్రాజెక్టు మేనేజరు కావాలన్న చోట ఈ సర్టిఫికెట్ ఉంటే మంచిదన్న మాట తరచు కనిపిస్తుంది. అందుకే చాలామంది నేర్చుకుంటున్నారు. అది మంచిదే. కానీ ఆ నేర్చుకునే తీరు మీద, అసలు ఎవరు నేర్చుకుంటున్నారన్న దాని మీద నాకొక గట్టి అభిప్రాయం ఉంది. దాని దగ్గరికి వచ్చేలోపు ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో రెండు ముక్కలు చెప్పుకోవాలి.

1975లో సింపాక్ట్ సిస్టమ్స్ అనే బ్రిటిష్ కంపెనీ ప్రాంప్ట్ అనే పద్ధతిని తయారుచేసింది. కంప్యూటరు ప్రాజెక్టులు అనుకున్న గడువు దాటిపోవడం, ఖర్చు పెరిగిపోవడం అప్పటికే అందరికీ అనుభవంలో ఉన్న బాధ. ప్రభుత్వంలో కంప్యూటర్ల వ్యవహారం చూసే సీసీటీఏ అనే సంస్థ 1979లో ఆ ప్రాంప్ట్‌ను తీసుకుంది. దాని నుంచి 1989లో ప్రిన్స్ వచ్చింది. అది కంప్యూటరు ప్రాజెక్టుల కోసమే పుట్టింది. అయితే వంతెన కట్టడానికైనా, ఆఫీసు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చడానికైనా ఇదే ఆలోచన పనికొస్తుందని తెలిశాక, ఏ రంగానికైనా సరిపోయేలా తిరగరాశారు. అదే 1996లో వచ్చిన ప్రిన్స్ టూ. అప్పటినుంచి చాలాసార్లు సవరించారు. 2009లో బాగా కుదించారు, 2017లో మళ్లీ మార్చారు, 2023లో ఏడో ముద్రణ వచ్చింది. యాజమాన్యం కూడా చేతులు మారింది. ప్రభుత్వ శాఖల నుంచి 2013లో ఆక్సెలోస్ అనే ఉమ్మడి సంస్థకు, దాన్ని 2021లో కొనుక్కున్న పీపుల్‌సర్ట్‌కు వెళ్లింది. ఇప్పుడు పుస్తకమూ పరీక్షా రెండూ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. ప్రజల డబ్బుతో పుట్టిన పద్ధతి ఒక ప్రైవేటు సంస్థ సొత్తు కావడం నాకు నచ్చదు. పరీక్ష ఫీజు కట్టేటప్పుడు మన కుర్రవాళ్ల మీద పడే బరువు చూస్తే ఆ అసంతృప్తి ఇంకా పెరుగుతుంది.

ఇక పద్ధతిలోకి వద్దాం. పుస్తకం తెరిస్తే ఏడు సూత్రాలు, ఏడు ఆచరణలు, ఏడు ప్రక్రియలు కనిపిస్తాయి. శిక్షణ తరగతుల్లో వీటిని వరుసగా వల్లె వేయిస్తారు. మూడు ఏళ్ల ఇరవై ఒకటి గుర్తుపెట్టుకుంటే పరీక్ష గట్టెక్కవచ్చు. కానీ నన్నడిగితే ఈ పద్ధతి మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ పని ఇంకా చేయదగ్గదేనా? అది కాదని తేలితే, ఆపే అధికారం ఎవరికి ఉంది?

మొదటి సూత్రం అదే. ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు, ఎందుకు చేస్తున్నాం, ఎంత ఖర్చు, దానివల్ల ఎవరికి ఏం లాభం అన్నది ఒక కాగితం మీద పెట్టాలి. దాన్ని బిజినెస్ కేస్ అంటారు. ఇంతవరకు అందరూ చేస్తారు. డబ్బు మంజూరు కావాలంటే ఆ కాగితం తప్పదు కదా. ప్రిన్స్ టూ ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. ఆ కాగితాన్ని మంజూరయ్యాక బీరువాలో పెట్టడానికి వీల్లేదంటుంది. ప్రతి దశ చివరా దాన్ని మళ్లీ బయటికి తీసి, అప్పుడు చెప్పిన కారణాలు ఇప్పుడు నిలుస్తున్నాయా అని చూడాలి. నిలవకపోతే అక్కడే ఆపేయాలి. ఆపడం తప్పు కాదని, సరైన సమయంలో ఆపడం కూడా ప్రాజెక్టు సరిగ్గా నడిచిందనడానికి గుర్తేనని ఈ పద్ధతి చెబుతుంది.

దశలంటే ఏమిటో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇల్లు కట్టుకునేవాళ్లకు బ్యాంకు అప్పు మొత్తం ఒక్కసారే ఇవ్వదు. పునాదికి కొంత, గోడలు లింటెల్ దాకా లేచాక కొంత, స్లాబు పడ్డాక కొంత ఇస్తుంది. ప్రతిసారీ ఇంజినీరు వచ్చి చూసి వెళ్లాకే తర్వాతి ముక్క విడుదలవుతుంది. ప్రిన్స్ టూలో ప్రాజెక్టు బోర్డు ఇలాగే ఒక్కొక్క దశకే అనుమతిస్తుంది. మేనేజరు ఒక దశ ముగించి, వచ్చే దశ ప్రణాళిక పట్టుకుని, సవరించిన బిజినెస్ కేస్‌తో బోర్డు ముందుకు రావాలి.

ఆ బోర్డులో ముగ్గురుంటారు. ఒకరు ఎగ్జిక్యూటివ్. డబ్బు ఆయనది, చివరి జవాబుదారీ ఆయనదే. రెండోవారు సీనియర్ యూజర్. ఈ పని పూర్తయ్యాక దాన్ని రోజూ వాడుకోబోయే వాళ్ల తరఫున మాట్లాడే మనిషి. మూడోవారు సీనియర్ సప్లయర్, అంటే పని చేసి ఇచ్చేవాళ్ల తరఫు మనిషి. ఈ ముగ్గురి కింద ప్రాజెక్టు మేనేజరు. ఆయనకు రోజువారీ పనిలో పూర్తి స్వేచ్ఛ ఉంటుంది. అయితే ముందే గీసిన గీతలు ఉంటాయి. గడువుకు ఇన్ని వారాలు అటూ ఇటూ, ఖర్చుకు ఇంత శాతం అటూ ఇటూ అని. వాటిని టాలరెన్సులంటారు. ఆ గీతల లోపల ఉన్నంతవరకు బోర్డు తలదూర్చదు. గీత దాటుతుందని అనుమానం వచ్చిన మరుక్షణం మేనేజరు పైకి చెప్పాలి. దాటాక చెప్పడం కాదు, దాటబోతోందని తెలిసినప్పుడే చెప్పాలి. ఆ నివేదికను ఎక్సెప్షన్ రిపోర్ట్ అంటారు.

చదివితే ఎంత తేలిగ్గా ఉందో! ఇప్పుడు లండన్ కథ దగ్గరికి మళ్లీ వెళ్దాం. అక్కడ ఒక్కొక్కటీ ఎలా తప్పిందో చూస్తేగాని ఈ పద్ధతి విలువ తెలియదు.

ఈ ప్రాజెక్టుకు ముందే, 1990లో, అంబులెన్స్ సంస్థ ఇలాంటి ప్రాజెక్టునే ఒకటి మధ్యలో వదిలేసింది. అప్పటికి 75 లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. ఆ అనుభవం నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. అనుభవం నుంచి నేర్చుకో అన్నది కూడా ప్రిన్స్ టూ సూత్రాల్లో ఒకటి. కొత్త ప్రాజెక్టుకు సలహా ఇచ్చిన నిపుణులు, సిద్ధంగా ఉన్న ప్యాకేజీ దొరికితేనే 15 లక్షల పౌండ్లు, 19 నెలలు పడుతుందనీ, దొరక్కపోతే అంతకంటే చాలా ఎక్కువ కావాలనీ చెప్పారు. సంస్థ మాత్రం 1991 ఆగస్టులో ఒప్పందం కుదుర్చుకుని, 1992 జనవరి 8 కల్లా అంతా నడవాలని పట్టుబట్టింది. పది లక్షల పౌండ్లకు లోపు ధర చెప్పిన వాళ్లకు పని అప్పగించింది. సరఫరాదారు అనుభవం విషయంలో బోర్డుకు తప్పు అభిప్రాయం కలిగేలా సమాచారం అందిందని నివేదిక చెబుతుంది. జనవరి 8 దాటిపోయింది. వ్యవస్థ ముక్కలు ముక్కలుగా అమల్లోకి వచ్చింది. ఇబ్బందులు వస్తూనే ఉన్నాయి. అయినా ఎవరూ ఆపలేదు.

ఎందుకు ఆపలేదు? నివేదికలో ఈ భాగం చదివినప్పుడు నాకు మనసు బరువెక్కుతుంది. ఓడిపోతామేమోనన్న భయం ఆ మేనేజర్ల మీద ఎంత బరువుగా ఉండిందో విచారణ సంఘం రాసింది. పై నుంచి ఒత్తిడి, గడువు కదలదన్న మాట, ముందు ప్రాజెక్టు ఒకటి చేయిజారిన చరిత్ర. ఇవన్నీ కలిసి నోళ్లు మూయించాయి. ఎక్సెప్షన్ రిపోర్ట్ ఎలా రాయాలో తెలియడం ఒక సంగతి. రాసినవాడిని శిక్షించని వాతావరణం ఉండడం ఇంకో సంగతి. రెండోది లేకపోతే మొదటిది ఎందుకూ కొరగాదు.

సీనియర్ యూజర్ సంగతి చూడండి. అంబులెన్సు నడిపేవాళ్లకూ కంట్రోల్ రూము వాళ్లకూ శిక్షణ ఇచ్చారు. కానీ ప్రాజెక్టు వెనకబడడంతో, నేర్చుకున్నదానికీ వాడాల్సినదానికీ మధ్య నెలలు గడిచాయి. నేర్చుకున్నది మరిచిపోయారు. బండిలోని తెర మీద ఏ బటను ఎప్పుడు నొక్కాలో సరిగా నొక్కకపోతే, ఆ బండి ఎక్కడుందో కంప్యూటరుకు తెలియదు. మొత్తం లెక్కంతా ఆ బటను మీద ఆధారపడి ఉంది. డ్రైవర్ల తరఫున గట్టిగా మాట్లాడే మనిషి బోర్డులో కూర్చుని, మా వాళ్లు ఇంకా సిద్ధంగా లేరు అని ఒక్కమాట అని ఉంటే, అక్టోబరు 26 వేరేగా ఉండేదేమో. ఇది నా ఊహ. కానీ ప్రిన్స్ టూలో ఆ కుర్చీ ఉన్నది ఆ మాట కోసమే.

ప్రిన్స్ టూ నేర్చుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. పుస్తకంతోపాటు ఒక విఫలమైన ప్రాజెక్టు నివేదిక పక్కన పెట్టుకోండి. లండన్ అంబులెన్స్ నివేదిక అందరూ చదువుకోగలిగేది. ప్రతి అధ్యాయం చదివాక ఆగి, అక్కడ ఎగ్జిక్యూటివ్ ఎవరు, బిజినెస్ కేస్ ఏమిటి, ఏ రోజున ఎక్సెప్షన్ రిపోర్ట్ రాయాల్సింది అని అడగండి. ఆ రిపోర్టును మీరే మీ చేత్తో రాయండి. ఆ 81 లోపాల్లో ఏవి ఉండగా నగరమంతటికీ వెళ్లవచ్చు, ఏవి ఉంటే వెళ్లకూడదు అని తేల్చుకోవడానికి ఏం కొలమానం పెట్టుకుంటారో రాయండి. ఇలా చేసినవాడికి సూత్రాలు వల్లె వేయాల్సిన పనిలేదు. అవి వాటంతటవే మనసులో నిలుస్తాయి. మీరు పనిచేస్తున్న ఆఫీసులోని ప్రాజెక్టునే తీసుకుని ఇలా చేస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు పరీక్ష. రెండు మెట్లున్నాయి. మొదటిది ఫౌండేషన్. 60 ప్రశ్నలు, 60 నిమిషాలు, పుస్తకం చూడకూడదు. ఏడో ముద్రణ పరీక్షలో 60 శాతం రావాలి. అంటే 36 సరైన జవాబులు. పదాలు, పాత్రలు, ఏ ప్రక్రియలో ఏ పని జరుగుతుంది అన్నవే ఎక్కువ అడుగుతారు. దీనికి ముందస్తు అనుభవం ఏదీ అక్కర్లేదు. నిన్న బీటెక్ ముగించిన విద్యార్థి కూడా రాయవచ్చు.

రెండోది ప్రాక్టీషనర్. ఇక్కడ 70 ప్రశ్నలు, రెండున్నర గంటలు. అధికారిక పుస్తకం పక్కన పెట్టుకోవచ్చు. ఒక ఊహాజనిత ప్రాజెక్టు కథ ఇచ్చి, ఈ పరిస్థితిలో బోర్డు చేయాల్సింది ఏమిటి, ఈ ప్రణాళికలో లోపం ఎక్కడుంది అని అడుగుతారు. పుస్తకం చూడొచ్చు కదా అని ధీమాగా వెళ్లినవాళ్లే ఇబ్బంది పడతారు. సగటున ప్రశ్నకు రెండు నిమిషాల పైన మాత్రమే ఉంటుంది. పుస్తకంలో వెతుక్కుంటూ కూర్చుంటే సమయం చాలదు. పుస్తకాన్ని ముందే బాగా తిరగేసి, ఏది ఎక్కడుందో చేతికి తెలిసేలా ఉండాలి. ప్రాక్టీషనర్‌కు కూర్చోవాలంటే ఫౌండేషన్ ఉండాలి, లేదా అమెరికా సంస్థ ఇచ్చే పీఎంపీ వంటి కొన్ని సర్టిఫికెట్లు ఉన్నా ఒప్పుకుంటారు.

ఒక ఉపయోగపడే మాట. ఇంగ్లీషు మాతృభాష గానీ పనిచేసే భాష గానీ కాని అభ్యర్థులకు 25 శాతం అదనపు సమయం ఇచ్చే ఏర్పాటు ఉంది. పరీక్ష బుక్ చేసుకునేటప్పుడే ఆ సంగతి చూసుకోవాలి. మన పిల్లలు ఇది తెలియక, లేదా అడగడానికి మొహమాటపడి వదిలేసుకుంటారు. ఇంగ్లీషు మీడియంలో చదివాం కదా, అడిగితే ఏమనుకుంటారో అని. ఏమీ అనుకోరు. మీకు వర్తిస్తే తప్పక అడగండి.

సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. తర్వాత మళ్లీ పరీక్ష రాయాలి, లేదా సభ్యత్వం తీసుకుని ఏటా కొత్తగా ఏం నేర్చుకున్నారో నమోదు చేస్తూ పోవాలి. 2023 ముద్రణలో మార్పులు కూడా గమనించండి. పాత పుస్తకంలో థీములన్నవి ఇప్పుడు ప్రాక్టీసులయ్యాయి. గడువు, ఖర్చు, నాణ్యత, పరిధి, ప్రయోజనం, ముప్పు అన్న ఆరింటి పక్కన సుస్థిరత అనే ఏడో కొలమానం చేరింది. మనుషులతో ఎలా పనిచేయాలి, మార్పుకు వాళ్లను ఎలా సిద్ధం చేయాలి అన్నదానికి ప్రత్యేక స్థానం ఇచ్చారు. ఈ చివరి మార్పు నాకు చాలా నచ్చింది. అంబులెన్సు డ్రైవర్ల కథ విన్న మీకు ఎందుకో తెలుసు. పాత మోడల్ పేపర్లు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతున్నాయి కదా అని కొని చదివితే ఈ మార్పులు తెలియవు. ఏ ముద్రణకు రాస్తున్నారో చూసుకుని చదవండి.

చాలామంది అడిగే ప్రశ్న, ప్రిన్స్ టూనా, పీఎంపీనా అని. పీఎంపీ అమెరికాలో 1969లో పుట్టిన ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చేది, 1984 నుంచి ఉంది. దానికి డిగ్రీ చదివినవాళ్లకు మూడేళ్ల అనుభవం, 35 గంటల శిక్షణ కావాలి. స్థూలంగా చెప్పాలంటే అది మేనేజరుకు తెలియాల్సిన విద్యను విస్తారంగా పరీక్షిస్తుంది. ప్రిన్స్ టూ సంస్థలో ఎవరు ఏ నిర్ణయం తీసుకోవాలో చెబుతుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్ వైపు పనిచేసేవాళ్లు ప్రిన్స్ టూ, అమెరికా వైపు పనిచేసేవాళ్లు పీఎంపీ మొదలుపెట్టడం మామూలు. అంతకంటే దీనిమీద పెద్దగా తర్కించాల్సింది లేదు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. కంపెనీలు శిక్షణకు పంపేటప్పుడు ఎవరిని పంపుతున్నాయి? ప్రాజెక్టు మేనేజర్లను, వాళ్ల కింద పనిచేసే కుర్రవాళ్లను. వాళ్లు కష్టపడి చదివి, పాసై వస్తారు. వచ్చాక ముప్పులన్నీ రాసుకునే రిస్క్ రిజిస్టర్ తెరుస్తారు, దశలు విభజిస్తారు, చక్కటి ఎక్సెప్షన్ రిపోర్ట్ రాస్తారు. ఆ రిపోర్టు అందుకున్న పై అధికారికి ఆ పేరే తెలియదు. "ఇదంతా ఎందుకు, ముందు గడువులోగా పూర్తిచేయండి" అంటాడు. ఆయనకు తెలియకుండానే ఆయన ఆ ప్రాజెక్టుకు ఎగ్జిక్యూటివ్. పద్ధతి ప్రకారం ఆపే నిర్ణయంలో చివరి మాట ఆయనదే, ఆపాలన్న సంగతి ఆయనకు ఎవరూ నేర్పలేదు. సర్టిఫికెట్ ఉన్న కుర్రవాడి చేతిలో అధికారం లేదు. అధికారం ఉన్నాయనకు పద్ధతి తెలియదు. ఆ కుర్రవాడు రెండోసారి అలాంటి రిపోర్టు రాయడు. రిజిస్టర్‌లో గడులు అంతా బాగుందనే పచ్చరంగుతో నింపుతాడు. పై వాళ్లు పచ్చరంగు చూసి సంతోషిస్తారు. ఇలాంటి ప్రాజెక్టులు ఎన్ని చోట్ల సాగుతున్నాయో ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

లండన్ కథకు రెండో భాగం కూడా ఉంది, అది కూడా చెప్పాలి. నివేదిక వచ్చాక ఆ సంస్థ తొందరపడలేదు. ఉద్యోగులతో మాట్లాడడానికి, పరీక్షించడానికి, శిక్షణకు తగినంత సమయం ఇవ్వాలని నివేదిక చెప్పింది. కొత్త నాయకత్వం ఆ మాట విన్నది. 1996 జనవరిలో కొత్త వ్యవస్థ అమల్లోకి వచ్చింది. అన్నీ ఒక్కసారి కాకుండా, నిలబడిందని తేలాక తర్వాతిది చేరుస్తూ పోయారు. కంప్యూటరు వ్యవస్థలు చక్కగా నడిపినందుకు బ్రిటిష్ కంప్యూటర్ సొసైటీ ఇచ్చే పురస్కారాన్ని 1997లో అదే అంబులెన్స్ సర్వీసు అందుకుంది. ఊరు మారలేదు, ఫోన్ల సంఖ్య తగ్గలేదు. పైన కూర్చున్నవాళ్లు, ఇంకా సిద్ధం కాలేదన్న మాట వినడానికి సిద్ధపడ్డారు.

ఇప్పుడు ఉద్యోగాల కోసం చదువుతున్న యువతకు ఒక మాట. ఫౌండేషన్ రాయండి, వీలైతే ప్రాక్టీషనర్ రాయండి. డబ్బు పెట్టి చదువుతున్నారు కాబట్టి పరీక్ష పాసవడం దగ్గర ఆగకండి. ఇంటర్వ్యూలో ఏడు సూత్రాలూ వరసగా చెప్పే అభ్యర్థులు చాలామంది ఉంటారు. నేను చూసిన ఫలానా ప్రాజెక్టును ఈ రోజున ఇందుకు ఆపాల్సింది అని కారణాలతో చెప్పగలిగే అభ్యర్థి అరుదుగా దొరుకుతాడు. ఆ అభ్యర్థి మీరు కావచ్చు.

సంస్థలు నడిపే పెద్దలకూ, ప్రభుత్వ శాఖల్లో కొత్త కంప్యూటరు వ్యవస్థలు తెచ్చే అధికారులకూ నా విన్నపం. మీ మంజూరుతో నడిచే ప్రతి ప్రాజెక్టుకూ ఎగ్జిక్యూటివ్ మీరే, ఆ పేరు మీ బల్ల మీద లేకపోయినా సరే. ఫౌండేషన్ స్థాయి చదువుకు వారం రోజులు కూడా పట్టదు. ఈసారి శిక్షణకు పంపే జాబితా మీ ముందుకు సంతకానికి వచ్చినప్పుడు, పైన మొదటి పేరుగా మీ పేరు రాయండి. మీ ప్రాజెక్టు మేనేజరును ఆ తర్వాత పంపండి.